తేనెటీగ బరువు 100 మి.గ్రా., నా లెక్కలో లిఫ్ట్ 24 మి.గ్రా. తప్పు లెక్కలో ఉందా, రెక్కలో ఉందా?

పిచ్చుకగూడు:

నమస్కారమండీ. ఫైనలియర్ ప్రాజెక్టు కోసం, గాలిలో ఒకేచోట నిలిచి ఎగిరే తేనెటీగకి లిఫ్ట్ (పైకెత్తే బలం) లెక్క వేస్తున్నాను. జాతి ఏపిస్ మెల్లిఫెరా, పెట్టెల్లో పెంచేది. తీసుకున్న అంకెలు ఇవి. బరువు 100 మి.గ్రా. రెక్క పొడవు 9.7 మి.మీ. సెకనుకు 230 సార్లు ఆడిస్తుంది. రెక్క ఈ కొస నుంచి ఆ కొసకి ఊగే కోణం 90 డిగ్రీలు. ముందు రెక్కలు రెండూ కలిపి వైశాల్యం సుమారు 40 చ.మి.మీ. గాలి సాంద్రత ఘనమీటరుకు 1.2 కిలోలు.

వేగం కోసం రెక్క సరిగ్గా మధ్యలో ఉన్న బిందువు తీసుకున్నా. ఒక చుట్టులో అది 90 డిగ్రీలు పోయి, 90 డిగ్రీలు వెనక్కి వస్తుంది కాబట్టి సగటు వేగం సెకనుకు 3.5 మీటర్లు. లిఫ్ట్ గుణకం, అంటే రెక్క ఎంత బాగా ఎత్తుతుందో చెప్పే అంకె, 0.8 వేశా. ఇంత చిన్న సైజులో పలక లాంటి రెక్క స్టాల్ అయ్యేలోపు (గాలి రెక్క నుంచి విడిపోయి లిఫ్ట్ పడిపోయేలోపు) అంతకన్నా పెద్దగా ఇవ్వదని చదివాను. ఇవన్నీ మామూలు సూత్రంలో (సగం × సాంద్రత × వేగం వర్గం × వైశాల్యం × గుణకం) పెడితే 24 మి.గ్రా. బరువు మోసేంత లిఫ్టే వస్తోంది. అంటే పావు వంతు!

"విజ్ఞానశాస్త్రం ప్రకారం తుమ్మెద ఎగరలేదు" అనే పాత మాట ఇలాగే పుట్టిందా? మిగతా ముప్పావు వంతూ రెక్కలు ఆడించడం వల్లే వస్తోందా, లేక నేనే ఎక్కడో కాలు జారానా? ఇంకో సంగతి. రెక్కని పెద్దది చేసి, తొట్టిలో నెమ్మదిగా ఆడించి కొలవాలని కూడా ఉంది. ఏ ద్రవం, ఎంత సైజు అనేది చెప్పగలరా?

రెక్కలెక్క:

రెండూ ఉన్నాయి. కానీ ముందు లెక్క సంగతి తేల్చుకోండి. లెక్క తప్పుగా ఉండగా సుడులూ సుడిగుండాలూ అంటూ మొదలుపెడితే, లేని బలానికి కూడా కారణాలు వెతుక్కోవాల్సి వస్తుంది. మీ లెక్కలో మూడు చోట్ల జారారు.

మొదటిది వేగం వర్గం. మీరు ముందు సగటు తీసి, తర్వాత వర్గం చేశారు. లిఫ్ట్ ఆధారపడేది వేగం వర్గం మీద కాబట్టి ముందు వర్గం చేసి, తర్వాత సగటు తీయాలి. రెక్క గోడగడియారం లోలకంలా కొసల దగ్గర ఆగి, మధ్యలో దూసుకుపోతుంది. ఆ మధ్య భాగమే లిఫ్ట్‌లో సింహభాగం ఇస్తుంది. సైన్ తరంగంలా ఊగే రెక్కకి ఈ రెండు సగటుల నిష్పత్తి π (3.14) వర్గం బై 8, అంటే 1.234. ఇక్కడే మీ అంకె 23 శాతం పెరగాలి.

రెండోది మధ్య బిందువు. వేగం మొదలు నుంచి కొస దాకా పెరుగుతూ పోతుంది, దాని వర్గం ఇంకా వేగంగా పెరుగుతుంది. కాబట్టి రెక్క మొత్తానికి ప్రతినిధిగా నిలిచే బిందువు పొడవులో సగం దగ్గర కాదు, ఇంకొంచెం బయటికి ఉంటుంది. దీన్ని వైశాల్యపు రెండో మొమెంట్ నుంచి తీస్తారు. రెక్క ఫొటోని గ్రాఫ్ కాగితం మీద పెట్టి, మొదలు నుంచి కొస దాకా 20 పట్టీలుగా కోయండి. ఒక్కో పట్టీ వైశాల్యాన్ని దాని దూరం వర్గంతో గుణించి, అన్నీ కూడి, మొత్తం వైశాల్యంతో భాగించి, వర్గమూలం తీయండి. తేనెటీగ లాంటి రెక్కకి అది పొడవులో 0.55 దగ్గర వస్తుంది. 0.5 బదులు 0.55 వేస్తే వర్గంలో 1.21 రెట్లు.

మూడోది వెనక రెక్కలు. తేనెటీగ వెనక రెక్క ముందంచున వరసగా చిన్న కొక్కేలు ఉంటాయి. ఎగిరేటప్పుడు అవి ముందు రెక్క వెనకంచు మడతలో పట్టుకుని, రెండూ ఒకే రెక్కగా ఆడతాయి. వాటిని వదిలేయడానికి వీల్లేదు. నాలుగూ కలిపితే వైశాల్యం సుమారు 60 చ.మి.మీ., అంటే ఇంకో 1.5 రెట్లు.

మూడూ గుణిస్తే 2.24. మీ 24 కాస్తా 53.8 మి.గ్రా. అయింది. లిఫ్ట్ గుణకం 0.8 అలాగే ఉంచాను, చూడండి. పూర్తి బరువు మోయాలంటే గుణకం సగటున 1.5 కావాలి. అంటే నాలుగు రెట్ల లోటులో సగానికి పైగా కూడికలూ గుణకారాలే మింగేశాయి. మిగిలిన 1.9 రెట్లకి మాత్రం రెక్కలు ఆడించడాన్నే అడగాలి.

తుమ్మెద కథ విషయానికొస్తే, అది 1934లో ఫ్రాన్స్‌లో ఆంటోయిన్ మాన్యాన్ రాసిన మాట. లెక్క వేసిపెట్టింది ఆండ్రే సాంత్-లాగ్. విమానం రెక్కకి వాడే స్థిర లెక్కని పురుగుకి వేస్తే పురుగు ఎగరకూడదని వచ్చింది. దానర్థం ఆ లెక్క అక్కడ పనికిరాదని. అయినా పురుగుని తప్పుపట్టే వెర్షనే ఇప్పటికీ వాట్సాప్‌లో తిరుగుతోంది.

సుడిగాలి:

పై లెక్క సరిగ్గా ఉంది. ఆ 1.9 రెట్ల సంగతి నేను రాస్తా.

పలకని గాలికి 45 డిగ్రీలు వాల్చి లాగితే, గాలి ముందంచు దగ్గర విడిపోయి, పలక వీపు మీద చుట్ట చుట్టుకుంటుంది. ఇదే ముందంచు సుడి. సుడి మధ్యలో పీడనం తక్కువ కాబట్టి రెక్కని పైకి పీలుస్తుంది. చిక్కేమిటంటే, పలకని తిన్నగా లాగుతూ పోతే ఆ సుడి పెరిగి పెరిగి ఊడిపోతుంది. పలక తన వెడల్పుకి రెండు నుంచి నాలుగు రెట్లు కదిలేసరికే ఇది జరుగుతుంది. ఆ తర్వాత పైనొకటి కిందొకటి సుడులు రాలిపోతూ లిఫ్ట్ పడిపోతుంది. మీరు వేసిన 0.8 ఈ సుడి సాయం లేని నిలకడ ప్రవాహపు అంకె.

ఇప్పుడు మీ తేనెటీగ ఒక్క ఊపులో ఎంత దూరం పోతోందో చూడండి. 90 డిగ్రీలంటే 1.57 రేడియన్లు. 0.55 దగ్గర బిందువు కదిలే దూరం 8.4 మి.మీ. రెక్క సగటు వెడల్పు 3.1 మి.మీ. అంటే 2.7 వెడల్పులు. సుడి ఊడేలోపే ఊపు అయిపోయి, రెక్క తిరగబడి, అవతలి వైపు కొత్త సుడి మొదలైపోతుంది. రెక్క స్టాల్ అవకుండా ఉండటం లేదు. స్టాల్ పూర్తయ్యే టైమ్ దానికి ఇవ్వడం లేదు, అంతే.

ఇది సగం జవాబే. పండు ఈగ ఒక ఊపులో దాదాపు 5 వెడల్పులు పోతుంది, అయినా దాని సుడి ఊడదు. కారణం, రెక్క తిన్నగా పోవడం లేదు, భుజం చుట్టూ తిరుగుతోంది. తిరిగే రెక్క మీద గాలికి అపకేంద్ర, కొరియోలిస్ త్వరణాలు తోడై సుడిని ముందంచుకి అతికించి ఉంచుతాయి. లెంటింక్, డికిన్సన్ 2009లో దీన్ని రాస్బీ సంఖ్యతో చూపించారు. ఒకేచోట నిలిచి ఎగిరే పురుగుకి ఆ సంఖ్య అంటే దాదాపుగా రెక్క పొడవు బై సగటు వెడల్పు. మీ తేనెటీగకి 9.7 బై 3.1, అంటే 3.1. చాలా పురుగులకీ ఇది 3 చుట్టుపక్కలే ఉంటుంది. మోడల్ చేసేటప్పుడు చూడటానికి బాగుంటుందని పొడవాటి సన్న రెక్క పెట్టొద్దు. భుజం నుంచి దూరం పోయేకొద్దీ ఈ అతుకు సడలి, కొస దగ్గర సుడి చెదిరిపోతుంది. రెక్కని పట్టా మీద తిన్నగా జరిపి "తిరగడం వల్ల తేడా ఏం లేదు" అని రాసేవాళ్లు చేసే తప్పు కూడా ఇదే. అక్కడ తిరగడమే లేదు మరి.

ఈ సుడిని పొగతో కళ్లకి కట్టించింది 1996లో ఎలింగ్టన్ బృందం, మండూకా అనే పెద్ద రెక్కలపురుగు మీద, దాని యాంత్రిక నమూనా మీద. బలాల్ని విడివిడిగా కొలిచింది 1999లో డికిన్సన్, లేమన్, సానే. నూనె తొట్టిలో 25 సెం.మీ. రెక్కలున్న "రోబోఫ్లై"తో చేశారు. వాళ్లిచ్చిన గుణకం సూత్రం మీకు పనికొస్తుంది. లిఫ్ట్ గుణకం = 0.225 + 1.58 సైన్(2.13 × వాలు కోణం − 7.2), కోణాలు డిగ్రీల్లో. డ్రాగ్ (వెనక్కి లాగే బలం) గుణకం = 1.92 − 1.55 కొసైన్(2.04 × వాలు కోణం − 9.82). 45 డిగ్రీలకి లిఫ్ట్ 1.8, డ్రాగ్ 1.7 వస్తాయి. 30 డిగ్రీలకి 1.55, 0.95. ఇవి పండు ఈగ రెక్కకి, సుమారు 136 రెనాల్డ్స్ సంఖ్య (ప్రవాహంలో జడత్వానికీ జిగటకీ ఉన్న నిష్పత్తి) దగ్గర కొలిచినవి. మీ తేనెటీగది 1000 చుట్టుపక్కల కాబట్టి లిఫ్ట్ ఉజ్జాయింపుగా నడుస్తుంది, డ్రాగ్ మాత్రం కాస్త ఎక్కువ చూపిస్తుంది.

ఇక ఊపు కొసల దగ్గర ఇంకో రెండు బలాలు పుడతాయి. ఒకటి రెక్క తిరగబడటం వల్ల. ఊపు ముగిసే ముందే తిరగబడటం మొదలైతే లిఫ్ట్ కలుస్తుంది, ఊపు మారాక ఆలస్యంగా తిరిగితే అదే బలం కిందికి లాగుతుంది. ఇరుసు ఎక్కడుందన్నది కూడా ముఖ్యం. ఈ బలపు గుణకం π × (0.75 − ఇరుసు స్థానం), ఇరుసు స్థానాన్ని ముందంచు నుంచి వెడల్పులో భిన్నంగా కొలవాలి. పావు దగ్గర ఇరుసు ఉంటే 1.57, ముప్పావు దగ్గర పెడితే సున్నా. రెండోది, వెనక్కి వస్తున్న రెక్క ఇందాక తానే వదిలిన గాలి ప్రవాహంలోకి దూరడం వల్ల. దీన్ని వేక్ క్యాప్చర్ అంటారు, వేక్ అంటే రెక్క వదిలిన ఆ ప్రవాహమే. ఇది నిజంగా పాత ప్రవాహమా, లేక రెక్క త్వరణం వల్ల వచ్చే బలమా అని కొట్లాట జరిగింది. నాకు నచ్చిన పరీక్ష రోబోఫ్లైదే. ఊపు చివర రెక్కని పూర్తిగా ఆపేశారు. ఆగిన రెక్క మీద కూడా కాసేపు బలం కనిపించింది. కదలని రెక్కకి త్వరణం ఎక్కడిది?

తేనెటీగలో ఈ కొసల బలాల వాటా ఎక్కువ. ఊపు చిన్నది, తిరగబడటాలు ఎక్కువ. 2005లో ఆల్ట్‌షులర్ తదితరులు తేనెటీగల్ని హీలియం, ఆక్సిజన్ కలిపిన పల్చటి గాలిలో వదిలితే, అవి 230 హెర్ట్జ్‌ని దాదాపు మార్చకుండా ఊపు కోణం పెంచి నెగ్గుకొచ్చాయి.

పిచ్చుకగూడు:

చాలా థాంక్సండీ ఇద్దరికీ. రెక్కలు పట్టీలుగా కోసి చూశా, 0.55 దగ్గరే వచ్చింది. ఒక్క సందేహం. సూత్రంలో 30 డిగ్రీలకే 1.55 వచ్చేస్తోంది, అంటే సరిపోతోంది. మరి పురుగులు 45 డిగ్రీల దాకా ఎందుకు వాలుస్తాయి? డ్రాగ్ దండగ కదా?

రెక్కలెక్క:

మీరు గాలి నిలకడగా ఉందనుకుంటున్నారు. తేనెటీగ 100 మి.గ్రా. మోస్తోందంటే ఎంతో కొంత గాలిని కిందికి తోస్తూ ఉండాలి. హెలికాప్టర్‌కి వేసే లెక్కే వేయండి. రెక్కలు ఊడ్చే వైశాల్యం ఊపు కోణం × పొడవు వర్గం, అంటే 148 చ.మి.మీ. బరువుని 2 × సాంద్రత × ఆ వైశాల్యంతో భాగించి, వర్గమూలం తీస్తే సెకనుకు 1.66 మీటర్లు. రెక్క 0.55 బిందువు దగ్గర (వర్గం చేసి సగటు తీస్తే) 4.3 మీటర్ల వేగంతో పోతుంటే పైనుంచి 1.66తో గాలి దిగుతోంది. అంటే రెక్కకి గాలి ఎదురుగా రావడం లేదు, 21 డిగ్రీలు పైనుంచి వస్తోంది. బయట నుంచి చూసేవాడికి 45 డిగ్రీల వాలు, రెక్కకి తగిలేది 24 డిగ్రీలే.

రోబోఫ్లై గుణకాలు నిలకడగా ఉన్న నూనెలో రెక్కని మొదలుపెట్టి కొలిచినవి. ఈ దిగుడు గాలి వాటిలో పూర్తిగా చేరలేదు. అందుకే 30 డిగ్రీల దగ్గర లెక్క అంత సులువుగా సరిపోయింది. మీ సొంత తొట్టిలో రెక్కని ఆపకుండా ఆడిస్తూ కొలిస్తే దిగుడు గాలి కొలతలోనే ఉంటుంది. అప్పుడు మళ్లీ విడిగా తీసేయకండి, రెండుసార్లు తీసేసినట్టవుతుంది.

నూనెతొట్టి:

తొట్టి సంగతి చెప్తా. అందరూ ముందు "ఎంత పెద్ద రెక్క?" అని అడుగుతారు. ముందు తేల్చాల్సింది ద్రవం.

రెనాల్డ్స్ సంఖ్యా, ఆకారమూ, కదలికా ఒకటే ఉంచితే రెక్క మీద బలం ద్రవ సాంద్రత × స్నిగ్ధత వర్గం మీద మాత్రమే ఆధారపడుతుంది. ఇక్కడ స్నిగ్ధత అంటే ద్రవం జిగటని సాంద్రతతో భాగించి సెంటీస్టోక్స్‌లో చెప్పేది. రెక్క సైజు అసలు రాదు! 10 సెం.మీ. రెక్క చేసినా 30 సెం.మీ. రెక్క చేసినా గ్రాములు అవే. సైజు మార్చేది కాలాన్ని మాత్రమే, అదీ పొడవు వర్గంతో.

తేనెటీగ ఒక్కో రెక్కకి గాలిలో 50 మి.గ్రా. బలం. అదే నీళ్లలో, 30 డిగ్రీల సెల్సియస్ దగ్గర, 0.12 గ్రాములు. కాలేజీ లోడ్ సెల్ (బలం కొలిచే సెన్సర్)తో ఇది కొలవలేరు, ఫ్యాన్ గాలికే అంత ఊగుతుంది. పోనీ రోబోఫ్లై వాడిన 115 సెంటీస్టోక్స్ మినరల్ ఆయిల్ పోద్దామా అంటే, ఒక్క రెక్క మీద 2 కిలోలు దాటుతుంది, సర్వో (రెక్కని తిరగేసే చిన్న మోటార్) పళ్లు ఊడతాయి. ఆ నూనె పండు ఈగకి సరైనది. తేనెటీగ రెనాల్డ్స్ సంఖ్య దానికి ఏడు రెట్లకి పైగా కాబట్టి బలం యాభై రెట్లకి పైగా. మీకు మధ్యలో ఏదో కావాలి. గ్లిజరిన్, నీళ్లు బరువులో సగం సగం కలపండి. 30 డిగ్రీల దగ్గర స్నిగ్ధత సుమారు 3.75 సెంటీస్టోక్స్, సాంద్రత 1.12. రెక్క మీద బలం దాదాపు 3 గ్రాములు. 100 గ్రాముల లోడ్ సెల్, దాని సిగ్నల్ చదివే హెచ్‌ఎక్స్ 711 బోర్డు చాలు. బోర్డుని సెకనుకు 80 రీడింగుల మోడ్‌లో పెట్టండి, వచ్చేటప్పుడు 10 దగ్గర ఉంటుంది.

ఇప్పుడు సైజు. 15 సెం.మీ. రెక్క అయితే ఒక చుట్టుకి 4.1 సెకన్లు, హాయిగా ఉంటుంది. కానీ 60 సెం.మీ. తొట్టి కావాలి, 50 సెం.మీ. ఎత్తు నింపితే ఒక్క గ్లిజరినే 100 కిలోలు. 8 సెం.మీ. రెక్కకైతే 20 కిలోలతో పోతుంది గానీ చుట్టు 1.2 సెకన్లకి దిగుతుంది. రెక్క +45 నుంచి −45కి తిరగబడటానికి చుట్టులో 20 శాతం ఇస్తే అది 0.24 సెకన్లు. ఎంజీ 996 లాంటి సర్వోకి 60 డిగ్రీలకే 0.17 సెకన్లు పడుతుంది, అందుకోలేదు. మీరు ముందుగా తిరగమన్నా అది ఆలస్యంగా తిరుగుతుంది. సుడిగాలి గారు చెప్పినట్టు ఆలస్యం అంటే లిఫ్ట్ తరుగు. ఫలితం తక్కువ వస్తే తప్పంతా సర్వోదే అని మీకు తెలియను కూడా తెలియదు. 10 సెం.మీ. దగ్గర ఆగండి. వెడల్పు 3.2 సెం.మీ., చుట్టుకి 1.84 సెకన్లు, తిరగబడటానికి 0.37 సెకన్లు, చుట్టుకి దాదాపు 147 రీడింగులు. 40 సెం.మీ. తొట్టిలో 35 సెం.మీ. ఎత్తు నింపితే గ్లిజరిన్ 31 కిలోలు.

రెక్కకి 1.5 మి.మీ. అక్రిలిక్ షీటు కోయండి, ఇరుసు ముందంచు నుంచి పావు వెడల్పు దగ్గర. అక్రిలిక్ ఎందుకంటే దాని సాంద్రత 1.18, మిశ్రమానిది 1.12. గాలిలో 5.7 గ్రాములున్న రెక్క ఇందులో 0.3 గ్రాములే తూగుతుంది. అల్యూమినియం పెడితే రెక్క సొంత బరువే కొలవాల్సిన బలాన్ని మింగేస్తుంది. రెక్క ఊగే తలం అడ్డంగా ఉంచి, ఉపరితలం నుంచి 12 సెం.మీ. లోతున పెట్టండి, కింద 23 సెం.మీ. మిగలాలి. దిగుడు ప్రవాహం అడుగుకి తగిలి పైకి లేస్తే లిఫ్ట్ ఎక్కువ కనిపిస్తుంది.

ఊపుకి స్టెప్పర్ మోటార్, తిరగబడటానికి సర్వో. మోటార్లున్న చట్రం మొత్తాన్ని తక్కెడ కాడ లాంటి కడ్డీకి ఒక కొసన వేలాడదీసి, రెండో కొసన సరిసమానమైన బరువు కట్టి, లోడ్ సెల్ మీద తేడా మాత్రమే పడేలా చేయండి. అర కిలో చట్రాన్ని నేరుగా 100 గ్రాముల సెల్ మీద పెడితే సెల్ పోతుంది. కట్టాక వేలితో ఒకసారి తట్టి గ్రాఫ్ చూడండి. చట్రం సొంతంగా ఊగే పౌనఃపున్యం రెక్క పౌనఃపున్యానికి కనీసం 10 రెట్లు ఉండాలి. లేదంటే సగటు మాత్రం నమ్మండి, కొసల దగ్గర కనిపించే శిఖరాల్ని నమ్మకండి.

మొదటి నాలుగు చుట్లు పారేయండి, వేక్ ఇంకా కుదురుకోదు. తర్వాతి పది చుట్ల సగటు తీయండి. మళ్లీ మొదలుపెట్టే ముందు ఐదు నిమిషాలు ఆగండి. మిశ్రమం కలిపాక ఒక రాత్రి వదిలేయండి, లేకపోతే గాలి బుడగలు రెక్కకి అతుక్కుని తేలుస్తాయి. సుడి కనబడాలంటే ఫుడ్ కలర్ వాడొచ్చు. కానీ రంగుని మామూలు నీళ్లలో కాదు, అదే తొట్టి మిశ్రమంలో కలిపి సిరంజితో వదలండి. నీళ్ల రంగు తేలికగా ఉండి పైకి తేలిపోతుంది, అది చూసి సుడి పైకి పోతోందని రాసేస్తారు.

తూనీగ:

అంతా తేనెటీగ దగ్గరే తిరుగుతోంది కాబట్టి చిన్న హెచ్చరిక. ఈ ముందంచు సుడిని అన్ని పురుగులకీ తాళంచెవి అనుకోవద్దు.

దోమ ఊపు 40 డిగ్రీలే, సెకనుకు 600 నుంచి 800 సార్లు. అంత పొట్టి ఊపులో ముందంచు సుడి పెరగడానికి చోటే తక్కువ. 2017లో బాంఫ్రీ, నకాటా తదితరులు క్యూలెక్స్ దోమ మీద చూపించిందేమిటంటే, అది వెనకంచు దగ్గర పుట్టే సుడినీ, రెక్క తిరగబడేటప్పుడు వచ్చే డ్రాగ్‌నీ బాగా వాడుకుంటుంది. మీ స్థిర గుణకం లెక్క దోమకి వేస్తే తేనెటీగ కన్నా ఘోరంగా తప్పుతుంది.

తూనీగ ఇంకో రకం. ఊపు తలం అడ్డంగా ఉండదు, ఏటవాలుగా ఉంటుంది. కిందికి కొట్టేటప్పుడు రెక్కని దాదాపు పారలా అడ్డం పెట్టి, పైకి వచ్చేటప్పుడు అంచుతో కోసుకుంటూ వస్తుంది. 2004లో జేన్ వాంగ్ వేసిన లెక్కలో ఇలా నిలిచి ఎగిరే తూనీగ బరువులో దాదాపు ముప్పావు డ్రాగే మోస్తుంది. పైన మీరు "డ్రాగ్ దండగ" అన్నారు, ఇక్కడ మాత్రం అన్నం పెట్టేది అదే. నాలుగు రెక్కలకీ విడివిడి కండరాలు ఉంటాయి కాబట్టి ముందు జత, వెనక జత ఒకదానికొకటి ఎదురుగానూ ఆడించగలదు, ఒక్కసారిగా బలం కావాలంటే కలిపీ ఆడించగలదు. వానలు వెనకబట్టాక మన పొలాల మీద గుంపులుగా కనిపించే పసుపు తూనీగ పాంటాలా ఫ్లావెసెన్స్ అయితే గాలి మీద తేలుతూ పోగలదు. ఇండియా వైపు నుంచి సముద్రం దాటి మాల్దీవులకి చేరేది అదే. అది తేలే సమయానికి మీ విమానం లెక్క నిక్షేపంగా పనిచేస్తుంది.

మరీ చిన్నవాటి దగ్గర గాలి తేనెలా చిక్కబడుతుంది. తెల్లదోమ మీద బతికే ఎన్‌కార్సియా అనే బుల్లి కందిరీగ సెకనుకు 400 సార్లు ఆడిస్తుంది. పై కొసన రెండు రెక్కలూ చప్పట్లలా కలిపి, ముందంచుల దగ్గర్నుంచి పుస్తకంలా విప్పుతుంది. ఆ సందులోకి గాలి దూరుతూనే రెండు రెక్కల చుట్టూ ప్రవాహం సిద్ధమైపోతుంది, మొదలయ్యే ఆలస్యం ఉండదు. దీన్ని 1973లో వైస్-ఫో వివరించాడు. నెదర్లాండ్స్‌లో చేసిన డెల్‌ఫ్లై బుల్లి డ్రోన్ నాలుగు రెక్కలతో ఇదే పట్టు వాడుతుంది. మిరప తోటల్ని పీడించే తామర పురుగులకి రెక్క అంటే నిండు పొర కూడా కాదు, కాడకి కుచ్చులా వెంట్రుకలు. ఆ సైజులో వెంట్రుకల మధ్య సందుల్లోంచి గాలి పెద్దగా కారదు, పైగా అతుక్కున్న రెక్కల్ని విడదీసేటప్పుడు పీకులాట తగ్గుతుంది.

పిచ్చుకగూడు:

నూనెతొట్టి గారూ, ఒకే ఒక్కటి. మా ల్యాబ్‌లో పొద్దున 22 డిగ్రీలు, మధ్యాహ్నం 31 ఉంటుంది. పర్లేదా? ఇంకోటి, తిరగబడే సమయాన్ని మారుస్తూ కొలవాలంటే ఎంత మార్చాలి?

నూనెతొట్టి:

పర్లేదు అనకండి. ఈ మిశ్రమం స్నిగ్ధత 20 డిగ్రీల దగ్గర 5.3 సెంటీస్టోక్స్, 30 దగ్గర 3.75. రెనాల్డ్స్ సంఖ్య ఒకటే ఉంచుకుంటూ వేగం సరిచేస్తే బలం స్నిగ్ధత వర్గంతో మారుతుంది కాబట్టి ఈ పది డిగ్రీలకే రెట్టింపు తేడా. వేగం సరిచేయకుండా వదిలేస్తే గ్రాములు పెద్దగా మారవు గానీ మీరు పొద్దున ఒక పురుగునీ మధ్యాహ్నం ఇంకో పురుగునీ కొలుస్తున్నట్టు. ప్రతి రన్‌కీ థర్మామీటర్ తొట్టిలో ముంచి రాసుకోండి, గదిలో గోడకున్నది చూసి కాదు. అక్వేరియం హీటర్ ఒకటి వేసి 32 దగ్గర కట్టేస్తే గొడవ ఉండదు. కొలిచేటప్పుడు మాత్రం ఆపేయండి, వేడి ప్రవాహాలు లేస్తాయి. గ్లిజరిన్ గాలిలో తేమ పీలుస్తుంది, నీళ్లు ఆవిరవుతాయి కూడా. కాబట్టి మూత పెట్టి, వారానికోసారి 100 మి.లీ. తీసి తూచండి. 112 గ్రాముల దగ్గర లేకపోతే నిష్పత్తి మారినట్టే.

తిరగబడే సమయానికి మూడు సెట్టింగులు చాలు. సరిగ్గా ఊపు మారే క్షణానికి మధ్యలో, చుట్టులో 8 శాతం ముందు, 8 శాతం వెనక. మీ 1.84 సెకన్లలో 8 శాతం అంటే 0.15 సెకన్లు. సర్వోకి ఆదేశం వెళ్లాక రెక్క నిజంగా కదలడానికి పట్టే ఆలస్యం ఇందులో మూడో వంతు మింగగలదు. ఫోన్‌లో సెకనుకు 240 ఫ్రేముల వీడియో పైనుంచి తీసి, రెక్క నిట్టనిలువుగా ఉన్న ఫ్రేమ్ ఏదో, ఊపు ఆగిన ఫ్రేమ్ ఏదో లెక్కపెట్టండి. గ్రాఫ్ మీద వేయాల్సింది ఆ రెండు ఫ్రేముల తేడా, కోడ్‌లో మీరు రాసిన 8 కాదు. గేర్లలో డిగ్రీ, రెండు డిగ్రీల లూజు ఎలాగూ ఉంటుంది. రెక్క కాడకి సన్న రబ్బరు బ్యాండు కట్టి ఒక వైపుకి లాగి ఉంచితే పళ్లు ఎప్పుడూ ఒకే పక్కన ఆనుకుని ఉంటాయి.